రబ్బరు వేలికి గోరు

గడ్డి కోసే మిషన్‌లో మా అక్క ఎడమచేతి ఉంగరపు వేలు పోయి చాలా కాలమైంది. సిలికాన్ రబ్బరుతో చేసిన తొడుగు వేలు పట్నం నుంచి వచ్చాకే కొంగు చాటున చెయ్యి దాచడం మానేసింది. అచ్చం అసలు వేలే! దాని మీది ప్లాస్టిక్ గోరుకు రంగు కూడా వేసుకునేది మా షోకుల అక్క.

తీరా బిడ్డ పెళ్లి దగ్గరపడ్డాక ఆ గోరు ఊడింది. బావ బాన్సువాడ బజారులో దొరికిన గమ్ములన్నీ తెచ్చి చూశాడు. ఏ గమ్ము పెట్టినా ఎండి, గోటితో సహా పొరలా లేచి వచ్చేది.

“కన్యాదానంల చెంబు పట్టి నీళ్లు పొయ్యాలె. అందరి కండ్లు నా చేతి మీదనే ఉంటయి,” అంది అక్క. “ఇగ నాతోని కాదు చెల్లె. పీటల మీద నువ్వు, మరిది కూసోండ్రి.”

“నీ బిడ్డను నేనెందుకు దానమిస్తనే? సప్పుడు చెయ్యకుండ ఆ వేలు ఇటియ్యి!” అని కసిరాను. నాకు కోపం ముందు, మాట తర్వాత.

నేను పళ్ల దవాఖానలో కట్టుడు పళ్లు తయారుచేస్తాను. సిలికాన్‌కు ఏదీ ఊరికే అంటుకోదని నాకు తెలుసు. అక్కడి సామాను తెచ్చి, గోరు ఉండే చోటును స్పిరిట్‌తో తుడిచి, గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, ప్రైమర్ పూశాను. గమ్ము పట్టుకోవడానికి ముందుగా వేసే పూత అది. ఆరేలోగా చేతి జిడ్డు తగిలినా పనంతా పాడే. వేలిని పళ్లెంలో పెట్టి, “ఎవ్వరన్న ముట్టిన్రో, చూడున్రి!” అని అరిచి ఛాయ్ తాగడానికి వెళ్లాను.

వచ్చేసరికి వేలికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది!

“అవ్వా!”

అవ్వ అంటే మా అమ్మే. ట్రాక్టరైనా ఫ్రిజ్జయినా పసుపూ బొట్టూ పెట్టందే ఇంట్లో వాడనివ్వదు.

“ఏందే గంత లొల్లి? పెండ్లికి కొత్తగ చేస్తున్నవ్ గదా, గట్లనే ఉత్తగ పెడ్తరా?” అంది.

తల బాదుకున్నాను. కుంకుమ పోయింది గానీ పసుపు రబ్బరులోకి ఇంకిపోయింది. మళ్లీ తుడిచి, రుద్ది, ప్రైమర్ పూసి, ఈసారి పళ్లెం నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఆరాక సిలికాన్ గమ్ముతో గోరు అతికించాను. మర్నాటికి గట్టిగా నిలిచింది, కానీ దాని చుట్టూ పచ్చటి మరక. అక్క ఏడ్వడం ఒక్కటే తక్కువ.

పెళ్లినాడు పీటల మీద అక్కే కూర్చుంది. పొద్దుటి నుంచి పసుపు కలిపి, తలంబ్రాల బియ్యానికి పట్టించిన చేతులాయె, చెంబు చుట్టూ వేళ్లన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆమె నీళ్లు పోస్తుంటే రబ్బరు వేలు ఏదో కాసేపు నాకే దొరకలేదు. ఏడుపు ఆగలేదు నాకు.

పెళ్లయిన కొన్నాళ్లకు మిగతా వేళ్ల పసుపు వదిలిపోయింది. “ఇటు తే అక్కా, ఆ మరక తీసే ఉపాయం చూస్తా,” అన్నాను.

అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఉండనియ్యి. నా బిడ్డ పెండ్లి పసుపు గది. అసలు వేళ్లకు నిలవనే లేదు.”