లింబాద్రి మీసం

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట. బయట గల్ఫ్ ఎండకు నజ్మా గల్లీ మాడిపోతోంది, లోపల లింబాద్రి కడుపు ఆకలికి అరుస్తోంది. అయినా పళ్లెం ముట్టలేదు. అద్దం ముందు నిలబడి, మీసానికి నూనె రాసి, కొసలు పైకి దువ్వుతున్నాడు. సెలవు మీద పోయినప్పుడు ఊళ్లో తీసిన మూడు షార్ట్ ఫిల్ములకు ఈ తాపీమేస్త్రీయే హీరో. ముఖం అతనిది. అతని గొంతు మరీ సన్నమని మాటలు మాత్రం ఊళ్లోనే ఉండే నగేష్ చెప్పేవాడు. ఈసారి తీయబోయే దానికి డబ్బింగ్ లేదట, ఎవరి మాటలు వాళ్లే చెప్పాలట. నెల రోజులు పనిలో గోడకే డైలాగులు చెప్పుకున్నాడు. వేషం ఖాయమనుకొని, ఊరికి పోవడానికి సామాను సర్దే అట్టపెట్టె, కార్టన్ తెచ్చి దాని మీద పెద్దగా పేరు రాసుకున్నాడు. పోయేవాడి కార్టన్‌కు రూమంతా కలిసి తాడు బిగించడం ఇక్కడి అలవాటు.

ఊరి నుంచి వచ్చిన వీడియో కాల్‌లో డైరెక్టర్ తిరుమల్ కనిపించగానే లింబాద్రి ఛాతీ పొంగించి డైలాగు చెప్పాడు. తిరుమల్ తల గోక్కున్నాడు. "అన్నా, మొఖం మస్తుగుంది గని గొంతు సెట్ అయితలేదే. నగేష్‌నే హీరోగ పెడుతున్న. ఏమనుకోకు." పక్కనే ఉన్న రూమ్మేట్ మల్లన్న కిసుక్కున నవ్వాడు. "యల్లా, రా హీరో, బువ్వ తిను. నీ గొంతు లెక్కనే సన్నబియ్యం వండిన!" లింబాద్రి కూడా నవ్వి, తిన్నాడు. ఆ తర్వాత మీసం దువ్వలేదు. పది రోజులకు అందరూ డ్యూటీ నుంచి వచ్చేసరికి అతని మంచం ఖాళీగా ఉంది. కంపెనీకే చెందిన అల్ వక్రా లేబర్ క్యాంపుకు మార్పించుకున్నాడని ఫోర్‌మాన్ చెప్పాడు. రూంలో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. మంచం కింద పేరు రాసిన కార్టన్ ఉంది, అందులో విప్పని తాడు చుట్ట.