పేర్లు వేయని సైన్స్ ఫిక్షన్ పత్రిక

మొన్న మా పాత పత్రిక చరిత్ర, అందులోని కథలతో సహా, పుస్తకంగా వచ్చింది. జిరాక్స్ తీసి, పిన్నులు కొట్టి పంచిన కాగితాలకి ఇప్పుడు ఎన్ని ముందుమాటలో! ఆ రోజుల్లో ఊరికే ఇస్తామన్నా చెయ్యి చాచని పెద్దమనుషులంతా ఇందులో తొలి పాఠకులైపోయారు.

మొఘల్‌పురాలో నా మిత్రుడి ఇంటి మిద్దె మీద, ఆదివారాలు ఇద్దరం కూర్చుని ఆ సైన్స్ ఫిక్షన్ పత్రిక తయారుచేసేవాళ్ళం. అతనికి కంచన్‌బాగ్‌లోని రక్షణ ప్రయోగశాలలో ఉద్యోగం. కథలు రాస్తున్నాడని తెలిస్తే, లోపలి రహస్యాలు బయటపెడుతున్నాడని పైవాళ్ళు అంటారేమోనని హడలిపోయేవాడు. అతనొక్కడి పేరు దాస్తే అనుమానం వస్తుంది, అసలు ఎవరి పేరూ వేయొద్దన్నాను. ఆ తెలివి నాదే. ఏ కథ ఎవరిదో ఎక్కడా రాసి కూడా పెట్టుకోలేదు.

అతని కథ ఒకటుంది, చంద్రుడి మీద గాజులమ్మే మనిషిది. అక్కడ గాలి లేదు కాబట్టి గలగలలు వినపడవు. పెళ్ళికూతురు గాజుల చేతిని హెల్మెట్ అద్దానికి ఆనించుకుని వింటుంది. మా పత్రికని ఎవరైనా గుర్తుపెట్టుకున్నారంటే ఆ కథ వల్లే.

పుస్తకం వేసేవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. గాజుల కథ తమదేనని అప్పటికే ఇద్దరు చెప్పుకున్నారట, సిగ్గులేని జన్మలు. "మీదేనని మాకు తెలుసు సార్" అన్నారు వీళ్ళు. నేను నవ్వి ఊరుకున్నాను. మిత్రుడి ఇల్లు నాలుగు సందుల అవతలే. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది, చేయలేదు.

ఆవిష్కరణ సభలో ఆ ఆలోచన ఎలా తట్టిందని అడిగారు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల ముందు నడుస్తుంటే తట్టిందని మైకులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. తలుచుకుంటే నా నోరు నాకే కంపు కొడుతుంది.

మిత్రుడు చివరి వరసలో ఉండటం తర్వాత చూశాను. జనం పలచబడ్డాక పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"మస్తు చెప్పినవ్ భాయ్."

"నీ కథేనని చెప్దామనుకున్న..." అని నసిగాను.

"ఏ, ఫికర్ చెయ్యకు. గిప్పుడు నా పేరెందుకు? ఆఫీసోళ్ళు లొల్లి చేస్తే ఎట్ల? పించన్ ఆపేస్తే?"

రిటైరై ఇన్నేళ్ళయినా ఆ వణుకు పోలేదు. భయం లేదని నేను చెప్పాలి. చెప్పకపోగా, గండం గడిచిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. థూ, ఏం బతుకు!

అతను గాజుల కథ పేజీ తెరిచి, జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

"మనవరాలికి ఇస్త. తెలుగు మంచిగ చదువుతది. గీడ సంతకం పెట్టు."

వెక్కిరిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు. పుస్తకం కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

సంతకం పెట్టాను.