సిక్ రాసిన బండి

మా బావ భీమారావుకి చక్రాల పిచ్చి. ఎదురుగా ఎవరైనా వస్తుంటే మనమంతా మొహం చూస్తాం. ఆయన మాత్రం వాళ్లు ఎక్కి వచ్చిన బండి చక్రం చూస్తాడు. మా అక్క పైడమ్మని చూడడానికి పెళ్లిచూపులకి వచ్చిన రోజున కూడా పిల్లని చూడడం మానేసి, వాకిట్లో ఉన్న మా నాన్న సైకిలు వెనక చక్రం వంకరపోయిందని తేల్చాడు. అక్క ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. నేను మరిచిపోనివ్వలేదు.

ఆయనది టెక్కలి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లు నిండీ నిండకుండానే రాయ్‌పూర్ వచ్చి రైల్వేలో చేరాడు. మొదట యార్డులో, తరవాత వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. మా రెండు కుటుంబాలూ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనే, రెండు లైన్ల అవతల, ఇవతల. అందుకే ఆయన గొప్పలూ గోలలూ నాకు రోజూ వినక తప్పదు.

యార్డులో ఒక పద్ధతి ఉండేది. ఏ వ్యాగన్‌లోనైనా లోపం కనిపిస్తే, చూసినవాడు దాని పక్కన తెల్ల సుద్దతో 'సిక్' అని రాస్తాడు. రాశాక ఆ వ్యాగన్ లోడుతో కదలడానికి లేదు. దాన్ని విడిగా ఒక రైలు పట్టా మీదికి తోసి, బాగుచేసి, మళ్లీ పరీక్షించి 'ఫిట్' అన్నాకే ఆ రాత తుడవాలి. బావ కొత్తలో ఉండగా ఒక పై అధికారి, సరుకు ఆలస్యమవుతోందని, ఆ రాత తుడిచెయ్యమన్నాడట. "బాగుచేయించి మీ చేత్తోనే తుడవండి సార్" అని సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి వచ్చేశాడట మా బావ. వ్యాగన్ కదలలేదు. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను గానీ, విన్న ప్రతిసారీ ఆయన మీద గౌరవం కలుగుతుంది. ఆ మాట ఆయనతో అనననుకోండి.

ఇంత నిక్కచ్చి మనిషికి సొంత బండి టైరు దగ్గర మాత్రం బుద్ధి మందగించింది. మోటార్ సైకిలుకి మొదటి వెనక టైరు తొందరగా అరిగిపోయిందని ఆయనకి పెద్ద అవమానమైంది. ఊరంతా గాలించి, ఉన్నవాటిలో గట్టిది, ఎక్కువ కాలం వచ్చేది తెచ్చి వేయించాడు. ఇంటి నుంచి వర్క్‌షాపుకి, అక్కడి నుంచి బజారుకి, అంతకు మించి ఆ బండి వెళ్లేది ఎక్కడికి? ఎనిమిదేళ్లయినా టైరు మీది గాట్లు చెక్కుచెదరలేదు. వర్క్‌షాపులో చక్రాల అరుగుదల కొలిచే గేజి ఉంటుంది కదా, అలాంటిదే రేకుతో ఒకటి కత్తిరించుకుని, ఆదివారం ఆదివారం టైరు గాట్లలో పెట్టి చూసుకునేవాడు. పక్క క్వార్టర్ చిన్నారావుని పిలిచి మరీ చూపించేవాడు. పాపం చిన్నారావు ఈలోగా రెండుసార్లు టైర్లు మార్చాడు. అతనికి ఒళ్లు మండేది. నాకూ మండేది, టీ చల్లారిపోతున్నా గేజి ముందు నుంచి లేచేవాడు కాదు.

ఆయనకి ఒక్కతే కూతురు, వీణ. కెమిస్ట్రీ చదివింది. ధర్సీవా దగ్గర ఒక ఇనుము ఫ్యాక్టరీ లేబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఉద్యోగం బాగానే ఉంది, వెళ్లడమే కష్టం. భన్‌పురి దాకా ఒక ఆటో, అక్కడ నిలబడి ఇంకో ఆటో, అది నిండేదాకా కదలదు. బండి తీసుకెళ్తానంది పిల్ల. అక్క గుండె పట్టుకుంది. బావ మాత్రం పొంగిపోయాడు. దసరాకి రావణుణ్ణి కాల్చే మైదానంలో పొద్దున్నే కూతురుకి తానే నేర్పాడు. క్లచ్చు, బ్రేకు, మలుపు, అన్నీ. పిల్ల ఒడుపుగా నేర్చుకుంది. ఆయన కన్నా నయంగా నడిపేదంటే అతిశయోక్తి కాదు.

వానలు మొదలైన రోజున పిల్ల బండి మీంచి పడింది.

దారిలో సిల్తరా దగ్గర ఫ్యాక్టరీల నల్లపొడి వేసవంతా రోడ్డు మీద పేరుకుంటుంది. మొదటి జల్లు పడగానే అదంతా నల్లటి బురదవుతుంది. తిల్దా వైపు పోయే బియ్యం లారీ ఒకటి ముందు సడెన్‌గా ఆగింది. వీణ నెమ్మదిగానే బ్రేకు నొక్కిందట, కానీ వెనక చక్రం పక్కకి జారిపోయింది. మోకాలు, మోచెయ్యి దోక్కుపోయాయి. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏమీ కాలేదు. ఆ మొండిది లేచి, బండి లేపుకుని, డ్యూటీ చేసి, సాయంత్రం కట్టుతో ఇంటికి వచ్చింది.

ఇంక చూడాలి తీర్పులు. ఆడపిల్లకి మోటార్ సైకిలు ఏమిటి, స్కూటీ అయితే ఏదో అనుకోవచ్చని చిన్నారావు. ఉద్యోగమే వద్దు, కాలనీలో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకోమని అక్క. బావ అవేమీ వినలేదు. గేజి తెచ్చి, గొంతుక్కూర్చుని, చక్రం చుట్టూ తిప్పి తిప్పి కొలిచాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"బండి ఫిట్టే. నడిపినోళ్లదే తప్పు" అన్నాడు.

తాళం తన జేబులో వేసుకున్నాడు. కాలికి కట్టు మారుస్తున్నప్పుడు ఏడవని పిల్లకి అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో ఉన్న పసుపు గిన్నె ఆయన నెత్తిన బోర్లిద్దామనిపించింది. నేర్పింది ఆయనే. శభాష్ అన్నది ఆయనే. ఒక్కసారి పడితే తప్పంతా పిల్లదేనా?

ఆ తరవాత వీణ ఆటోల్లోనే వెళ్లింది. వానలో ఆటోలు దొరకవు. ఒకరోజు లేటు, రెండు రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ లేటు. లేబ్ ఇన్‌చార్జి నళిని మేడమ్ మంచిదే. అయినా శనివారం పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే నేను నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టలేనమ్మా అని చెప్పేసింది. సోమవారం వేళకి చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. వీణ నాకొక్కదానికే చెప్పింది. నాన్నకి చెప్పవే అంటే తల అడ్డంగా ఊపింది. బతిమాలి తాళం తీసుకుంటే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది పిన్నీ, అంది.

ఆదివారం పొద్దున్న నేను అక్క ఇంటికి వెళ్లేసరికి వరండాలో బావ బండి ముందు నిలబడి ఉన్నాడు. కదలడు, మెదలడు. ఏమైందా అని తొంగిచూశాను. పెట్రోలు టాంకు మీద తెల్ల సుద్దతో పెద్ద అక్షరాలు: సిక్. కింద చిన్నగా: వెనక చక్రం. ఇంకా కింద, పరీక్షించినవారు: వీణ. బావ యూనిఫాం జేబులో ఎప్పుడూ ఉండే సుద్దముక్కతోనే రాసిందట.

ఆయన మొహం కందగడ్డలా అయింది. బండి తుడిచే గుడ్డ తీశాడు. చెయ్యి టాంకు దాకా వెళ్లి ఆగిపోయింది. నాకు లోపల సంబరం పొంగుతోంది. అసలే నా నోరు ఊరుకోదు.

తుడిచెయ్యి బావా, ఎవరు చూశారు గనక, అన్నాను.

"అలగెలగ తుడిచీడం మరదలా? రాసీసింది కదా" అన్నాడు. గొంతులో కోపం ఉంది, కానీ ఎవరి మీదో ఆయనకే తెలిసినట్టు లేదు.

వీణ గుమ్మంలోకి వచ్చింది. అరిచి గోల చెయ్యలేదు. "నాన్నా, బోగీ పట్టా దిగితే నువ్వు మొదట డ్రైవర్ని తిడతావా? చక్రం చూస్తావా?" అంది.

"చూశాను కదే. గేజి పాసయింది."

"అరిగిందో లేదో గేజి చెప్తుంది. తడిలో పట్టుకుంటుందో లేదో దానికేం తెలుసు?"

బావ గుడ్డ మడిచి కమ్మీ మీద పెట్టాడు. చొక్కా వేసుకున్నాడు. బండిని స్టాండు మీంచి దింపి, ఎక్కకుండా, హేండిల్ పట్టుకుని తొయ్యడం మొదలుపెట్టాడు. సిక్ రాసిన బండిని నడపకూడదు, తొయ్యాలి. పద్ధతి పద్ధతే. సన్నటి తుంపర పడుతోంది. ముందు బావ, వెనక నుంచి తోస్తూ వీణ, టాంకు మీద గొడుగు పట్టుకుని నేను. టాంకు మీద ఆ అక్షరాలు చూసి కాలనీలో సగం మంది బయటికి వచ్చారు. చిన్నారావు ఈ వేడుక వదులుకుంటాడా, చెప్పులు తొడుక్కుని వెంటపడ్డాడు.

ఖమ్‌తరాయిలో రాజేష్ అనే కుర్రాడి టైర్ల దుకాణానికి వెళ్లాం. ముందు సిమెంటు వాలు ఉంది, వానకి తడిసి ఉంది. బావ రోడ్డు పక్కన పేరుకున్న నల్లపొడి రెండు గుప్పిళ్లు తెచ్చి ఆ వాలు మీద చల్లాడు. బండి దాని మీద నిలబెట్టి, వెనక బ్రేకు కాలితో గట్టిగా తొక్కి పట్టాడు. వెనక నుంచి తొయ్యమని వీణకి చెప్పాడు. వీణ రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. చక్రం తిరగలేదు. తిరగకుండానే, తడి బండ మీద సబ్బులా, జారుకుంటూ కిందికి పోయింది.

ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ జారింది. వంగి టైరు మీద బొటనవేలి గోరు నొక్కాడు. దిగలేదు. దుకాణంలో వేలాడుతున్న కొత్త టైరు మీద నొక్కాడు. గోరు అచ్చు పడింది. ఎనిమిదేళ్ల ఎండకీ వానకీ ఆ రబ్బరు ఎండిపోయి కొయ్యలా అయింది. గాట్లు ఉన్నాయి, పట్టు పోయింది.

రాజేష్ అందరికీ చూపించినట్టే గట్టి టైరు చూపించాడు. ఇది తీసుకుంటే చాలా ఏళ్లు తిరిగి చూడక్కర్లేదు అంకుల్ అని హిందీలో ఊదరగొట్టాడు. అందరూ ఎన్ని కిలోమీటర్లు వస్తుందనే అడుగుతారట. తడి రోడ్డు మీద ఏది పట్టుకుంటుందని మా బావ అడిగాడు. రాజేష్ మెత్త రబ్బరుది ఒకటి దించాడు. దీనికి పట్టు బాగుంటుంది, మలుపులో బండి మాట వింటుంది, కానీ ధర ఎక్కువ, ఆయుష్షు దానిలో సగమే, రోజూ ధర్సీవా తిరిగితే ఇంకా తొందరగా అయిపోతుంది అన్నాడు.

ఒక చేత్తో గట్టిదీ, ఇంకో చేత్తో మెత్తదీ పట్టుకుని నిలబడ్డాడు బావ. ఆయన్ని తప్పు పట్టకండి. అరగని చక్రమే మంచి చక్రమని జీవితమంతా నమ్మిన మనిషి. సగం రోజులకే పోయే వస్తువుని ఎక్కువ ధర పెట్టి కొనడం ఆయనకి పళ్లు పీకించుకోవడమే. వీణ ఆయన వైపు చూడలేదు, రోడ్డు వైపు చూస్తోంది. చిన్నారావు ఉండబట్టలేక, గట్టిదే తీసుకో, పిల్ల ఎలాగూ నడపదు కదా అన్నాడు.

బావ గట్టి టైరు కింద పెట్టేశాడు.

"టైరు దాచుకుని నేనేటి చేసుకుంటాను చిన్నారావూ? పిల్ల ఇంటికి రావాలి" అన్నాడు. వీణ వైపు తిరిగాడు. "తప్పు నీది కాదమ్మా. నాది. చూడాల్సింది చూడకుండా నిన్నన్నాను."

అంతమందిలో అన్నాడు. చిన్నారావు చెప్పులు చూసుకున్నాడు. నాకు ఏడుపు వచ్చేసింది, దాచుకోలేదు కూడా.

కొత్త టైరు ఎక్కించాక మళ్లీ అదే వాలు మీద, అదే నల్లపొడిలో, బ్రేకు తొక్కి పట్టి తొయ్యమన్నాడు. వీణ తోసింది. నేనూ చెయ్యి వేశాను. అది కదలలేదు. బావ సుద్దముక్క జేబులోంచి తీశాడు. ఫిట్ అని రాస్తాడనుకున్నాం. రాయలేదు, కూతురి చేతికిచ్చాడు. రోజూ దాని మీద వెళ్లేది నువ్వు, తడిలో నడిపి చూసి నువ్వే చెప్పాలి అన్నాడు. జేబులోంచి తాళం తీసి అది కూడా ఇచ్చాడు.

వీణ ఆ తుంపరలో కాలనీ మైదానం దాకా వెళ్లి, రెండు చుట్లు తిరిగి, మలుపులో గట్టిగా బ్రేకు వేసి చూసి వచ్చింది. చున్నీతో తడీ, మిగిలిన పాత రాతా తుడిచి, ఫిట్ అని రాసి, కింద పేరు పెట్టింది. సోమవారం అందరికన్నా ముందు లేబ్‌లో ఉంది. వానాకాలం అయ్యేసరికి నళిని మేడమ్ సంతకం పెట్టింది.

ఆ మెత్త టైరు ఏడాదిన్నర తిరక్కుండానే అరిగిపోయింది. మార్పించిన రోజున బావ దాన్ని దుకాణంలో వదిలిపెట్టకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. వరండాలో గోడకి ఆనించాడు. నేను వెళ్లగానే కాఫీ కూడా తాగనివ్వకుండా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, నున్నగా అయిపోయిన దాని మీద నా అరచెయ్యి పెట్టించాడు.

"చూడు మరదలా, మా వీణ గుంట ఎంత తిరిగిందో" అన్నాడు.

చిన్నారావుకి చూపించాడు. పాలవాడికి చూపించాడు. ఎనిమిదేళ్లు అరగని టైరుని చూపించిన రోజుల్లో కూడా ఆయన మొహంలో ఇంత గర్వం నేను చూడలేదు.