మడిచిన వేలు

ఏర్పేడు దాటాక బస్సులోకి ఎండ పల్చగా పడుతోంది. నిద్రమత్తులో ఉన్న నాకు, పక్క సీట్లోని పెద్దావిడ తన ఫోన్లో ఫొటో చూపించింది. ఇంటి వెనక మంచమంత జాగాలో గుమ్మడి తీగ, గడ్డి పరుపు మీద దూడంత కాయ. ఎండ తగలకుండా దానికి పాత చీర కప్పి ఉంది.

“తీగకి దీన్నొక్కదాన్నే ఉంచినా. బలమంతా దీనికే పోవల్లని, మిగతా పిందెలన్నీ నా చేత్తోనే తుంచేసినా,” అంది.

“ఎంత పెద్దదో!” అంటూ వేలు చూపించబోయాను. ఆవిడ గబుక్కున నా వేలు పట్టుకుని మడిచేసింది.

“ఏలు సూపించబాకమ్మా, కుళ్లిపోతాది. ఇట్ట మడిసి సూపించు.”

“ఫొటోనే కదా పెద్దమ్మా!” అని నవ్వాను.

“అయితే ఏమి? ఆడ అది ఇంకా పెరగతా ఉండాది.”

నా వేలు ఆవిడ గరుకు గుప్పిట్లో ఉండగానే కునుకు పట్టింది. కలలో ఆ కాయ చీర కింద మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. లేచేసరికి తిరుపతి వచ్చేసింది, పక్క సీటు ఖాళీ.

మరుసటి ఏడు, నెలలు నిండకుండా పుట్టిన నా కూతుర్ని ఆసుపత్రిలో అద్దాల గదిలో ఉంచారు. చూడటానికి వచ్చిన మా అత్త, “ఇంతమందిలో మన పాప ఏదే?” అని అడిగింది.

నేను వేలు మడిచి చూపించాను.