పిడికెడు ఇప్పపువ్వు

మా గుడి తలుపు కాడ వేలాడే బియ్యం సంచిలో ఒక తల్లి పిడికెడు ఇప్పపువ్వు వేసింది. మావాళ్ళు దాన్ని, తగిలిన బియ్యంతో సహా చేటలోకి తీసి, ఆమె చూస్తుండంగనే బయట పారబోసిండ్రు. తప్పు ఇది. ముందూ వెనకా ఎన్ని కారణాలు చెప్పినా తప్పు ఇదే.

ఆ సంచి సంగతి తెల్వనోళ్ళకు చెప్త. మా దిక్కు క్రైస్తవుల ఇండ్లల్ల ఆడోళ్ళు ఎసట్ల బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేస్తరు. ఆదివారం ఆ ముంత తెచ్చి గుడి సంచిలో ఒంపుతరు. అందులోంచి కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి పోతది. మిగిలింది దాచిపెట్టి, వరికోతలు అయినంక కోతల పండుగ నాడు అందరికీ వండుతరు. ఎవరిది సన్నబియ్యమో, ఎవరిది రేషన్ బియ్యమో సంచిలో పడ్డంక తెల్వదు. గుడిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ సంచే. నేను ప్రసంగం వింటూ కునుకు తీసిన ఆదివారాలు ఉన్నయి గాని, మా అమ్మ ముంత మరిచిన ఆదివారం లేదు. ఆ సంచిలో పిడికిలి తెరిచిన ఇల్లు సంఘంలో ఇల్లు. పండుగ బంతిలో కూసునే హక్కు దాంతోనే వస్తది.

మా ఊరు చండ్రుగొండ అవతల, చెలకలు అయిపోయి అడవి మొదలయ్యే కాడ ఉంటది. ఆ తల్లిది ఈ ఊరు కాదు. అవతలి రాష్ట్రం నుంచి అడవి దాటి, మా మిరప చేన్లల్ల కాయ ఏరనీకి వచ్చి, తిరిగి పోకుండ వాగవతల గుడిసెలు వేసుకున్న కుటుంబాల్లో ఒక కుటుంబం వాళ్ళది. ప్రార్థనకు పోతున్నరని అక్కడ సొంత ఊరోళ్ళే పక్కకు పెట్టిండ్రట. ఇక్కడ మాకు గుళ్ళున్నయని విని ఆశపడి నిలబడ్డరు. మొదటి ఆదివారం గుడి మెట్ల మీదనే కూసున్నరు. రమ్మని ఎవరూ అనలే, పొమ్మనీ అనలే. నేనే లేచి పోయి లోపలికి పిలిచిన. సంచి చూపించి అదేందని ఆమె అడిగితే నేనే చెప్పిన: "ఇంట్ల ఏది వండుకుంటే అందులోంచి పిడికెడు, బిడ్డా."

ముసురు పట్టి కూలి దొరకని రోజులు. వాళ్ళింట్ల వండుకునేది ఎండాకాలం ఏరి ఆరబెట్టిన ఇప్పపువ్వే. నేను చెప్పింది చెప్పినట్టు ఆమె చేసింది.

సంచి చూసుకునేది మా స్త్రీల సమాజం పెద్ద. వరసకు నాకు చెల్లె. సంచి మూతి విప్పంగనే వాసన కొట్టింది. "సారా కాసే సామాను గుడిలోకి తెచ్చిందెవరు?" అన్నది. వాగవతల తల్లికి మన తెలుగు సగమే తెలుసు. మెచ్చుకోనీకి అడుగుతున్నరనుకొని చెయ్యెత్తింది. ఆ ఎత్తిన చెయ్యి నా కండ్ల ముందు నుంచి పోదు. పారబోసిన పువ్వును మేకలు తినిపోయినయ్. ఆమె ఖాళీ ముంతను కొంగు కింద పెట్టుకొని వాగు దాటి పోయింది. మళ్ళ రాలె.

మా ఊళ్ళె గుళ్ళు రెండు. పాత గంట ఉన్నది మాది, రేకుల షెడ్డూ కీబోర్డూ ఉన్నది వాళ్ళది. బాప్తీస్మానికి మేం నీళ్ళు చల్లించుకున్నోళ్ళం, వాళ్ళు నీళ్ళల్ల మునిగినోళ్ళు. నీళ్ళ కాడ మొదలైన పంచాయతీ పెండ్లిపిలుపులు మానుకునే దాకా పోయింది. ఈ యేడాది ఇద్దరు అయ్యగార్లు కూడబలుక్కొని, కోతల పండుగ ఒక్కటే చేద్దాం, పొయ్యి ఒక్కటే, బంతి ఒక్కటే అన్నరు. నేను సంతోషపడ్డ. మీటింగ్ పెట్టిండ్రు. ఏ పాట ముందు పాడాల్నో తేల్చేవరకు సగం పొద్దు పోయింది. ఎవరి మైకు పెట్టాల్నో అన్నకాడ మిగిలిన సగం పోయింది. ఆఖరికి నేను లేచి, "వాగవతలోళ్ళను పిలుస్తున్నమా?" అని అడిగిన.

ఒక్క ఈ మాటకే తగువు కాలె.

"వాళ్ళు ఇంకా మన సంఘంల చేరలేదు గద తాతా," అన్నడు మా అయ్యగారు.

"మాలో కూడా చేరలే," అన్నడు తిరుమలాయపాలెం నుంచి బండి మీద వచ్చే వాళ్ళ అయ్యగారు.

రెండు సంఘాలు ఒక్క మాట మీద నిలబడంగ నేను చూసుడు అదే మొదలు. "మనిద్దరం కలవనీకి ఇంకొకన్ని బయట నిలబెట్టాల్నా? ఇదేం ఐక్యతయ్యా?" అన్న. "పెద్దమనిషివి, గట్ల గరం అయితే ఎట్ల," అన్నరు. వెనక నుంచి ఎవరో "తాతకే పువ్వు మీద మనసు గుంజుతున్నట్టుంది" అంటే అందరూ నవ్విండ్రు. వేరే రోజైతే నేనూ నవ్వేటోన్నే.

నేను బడికి పోలె. గోడ మీది రాతలు, పొట్లాల కాగితాలు చదువుకుంట నేర్చుకున్నోన్ని. నాకున్న పెద్ద పుస్తకం బైబిలే. ఇంటికొచ్చి దాన్ని మొదటి నుంచి తిరగేసిన. గోధుమలున్నయ్, యవలున్నయ్, అంజూరపు పండ్లున్నయ్. బియ్యం మాత్రం నా కండ్లకు కనపడలె. ఆదివారం అయ్యగారిని ఆపి అదే అడిగిన: "మరి మనం బియ్యం ఎందుకు తెస్తున్నం? ఇంట్ల అదే తింటం కాబట్టి. ఆమె ఇంట్ల తినేది ఆమె తెచ్చింది. ఎక్కడుంది తేడా?"

అయ్యగారు చెడ్డ మనిషి కాదు, కొత్త మనిషి. "సంచి సమాజం చేతిల ఉంటది తాతా. సమాజం పెద్దను కాదని నేనెట్ల చేస్త? ఆలోచించి చెప్త," అన్నడు. ప్రతి ఆదివారం అడిగిన. ప్రతి ఆదివారం ఆలోచిస్తనే ఉన్నడు.

నాకెందుకింత కోపమంటే, నా చిన్నప్పుడు రోడ్డు మీది హోటల్ల మా గ్లాసు వేరే ఉండేది. బయట దడికి తగిలించి ఉండేది. చాయ్ తాగి, మేమే కడిగి, మళ్ళ దడికే తగిలియ్యాలె. ఆ గ్లాసు పోయిందనుకున్న. మా గుడి వాకిట్ల కనపడ్డది.

ఆఖరికి చెల్లె ఇంటికే పోయిన. పండుగకని అడ్డాకు విస్తర్లు కుడుతున్నది.

"ఎందుకు పారబోసినవ్ చెల్లె?"

"నీకు తెల్వదా అన్నా? ఆ వాసన నా ఇంట్ల ఎన్నేండ్లు కాపురం చేసిందో."

తెలుసు. ఆమె పెనిమిటి భద్రాచలం దవాఖానాల నా చేతుల మీదనే పోయిండు, ఇప్పసారా తాగి తాగి కాలేయం కరిగి. ఆ తర్వాత ఆమె పిల్లలను సంకనేసుకొని మంది చేన్లల్ల మిరపకాయ ఏరింది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే దవాఖానా మంచం కనపడ్తదట. "తాగింది మనోడు చెల్లె, ఆమె కాదు," అని మాత్రం అన్న. ఆమె ఆకుకు పుల్ల గుచ్చుకుంట తల ఎత్తలె.

అటునుంచి అటే వాగు దాటిన. ఆ తల్లి పీట లేక చెట్టు మొద్దు మీద నన్ను కూసోబెట్టింది.

"గుడికి రావట్లేదేంది బిడ్డా?"

"మా చెయ్యి మంచిగ లేదంట గద తాత."

"ఎవరన్నరు గట్ల?"

"పారబోసిండ్రు. ఇంక అనుడెందుకు?"

కోతపని అయిపోంగనే దుమ్ముగూడెం దిక్కు పోతమన్నది. అక్కడ వాళ్ళ మనుషులున్నరట, గుడి లేకున్నా సరేనన్నది. గుడిసె మూలకు ముంత కనపడ్డది. అందులో ఇప్పపువ్వు, మూతి దాకా. పిడికెడు తీసుడు ఆమె మానలేదు.

"ఇది ఎవరి కోసం?" అన్న.

"దేవునిది తాత. మేం తినం. నువ్వు తీసుకపో, పోయేటప్పుడు మాకు బరువు."

ముంత తెచ్చి చెల్లె ముందర పెట్టిన. "ఆమె పిల్లలు ముసురంత ఇది తిని బతికిండ్రు. మిర్చి ఏరే రోజుల్ల నీ పిల్లలకు నువ్వు ఏం పెట్టినవో యాది చేసుకో. అయినా అందులోంచి దేవునిదని తీసి పెట్టింది. పండుగకు ఆమెను పిలుస్తవా, పిలువవా? నాకు అదొక్కటి చెప్పు."

చెల్లె ముంతను ముట్టలె. అవతలికి జరపనూ లేదు. ఆ తర్వాత బజార్ల ఎదురుపడ్డా మొకం తిప్పుకొని పోయింది. మా అయ్యగారు ఇంకా ఆలోచిస్తనే ఉన్నడు. వాగవతల గుడిసెల మీది కప్పు విప్పుతున్నరని ఎవరో చెప్పిండ్రు. ఇగ అయిపోయిందనుకున్న.

పండుగకు ముందురోజు పొద్దున చెల్లె మా వాకిట్లకు వచ్చింది. కూసోమంటే కూసోలె. ముంత ఆమె చేతిలనే ఉన్నది.

"దీన్ని ఉడకబెడ్తరో, వేయిస్తరో నాకు తెల్వదన్నా. ఆ పిల్లను జల్దీ తోలుకరా, వచ్చి చూపించమను. వాసన నాకు పడదు, ముక్కుకు కొంగు కట్టుకొని నిలబడ్త. అది చూసి నేను మళ్ళ వెళ్ళగొడ్తనేమో అనుకుంటది, నువ్వే ముందుగాల చెప్పు. పొయ్యి కాడ నా పక్కనే ఉండమను."