ఏటవాలు కోత

మా ఊరి ప్రభను ముప్పై ఏళ్లు కట్టింది పుల్లారావు బాబాయ్. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు మా చుట్టుపక్కల ఊళ్లన్నీ తాటిచెట్లను మించిన ఎత్తున ప్రభలు కట్టి, బండ్ల మీద నిలబెట్టి తీసుకెళ్తాయి. వెదుళ్లు, గుడ్డలు, అద్దాలు ఎవరైనా తెస్తారు. వాటన్నిటినీ మోసేది నడిమి మాను. మా ఊరి మాను బాబాయ్ వాళ్ల నాన్న హయాంలో తెచ్చిన టేకుది. మిగతా ఏడాదంతా బాబాయ్ ఇంటి పక్క సందులో, రేకుల కింద పడుకొని ఉండేది. ఆయన దానికి నూనె రాస్తుంటే, "నా తలకు లేకపోయినా దానికి మాత్రం రాయాల," అనేది ఆదెమ్మ పిన్ని.

ప్రభ ఎత్తే రోజు ఊరంతా వచ్చి మోకులు పట్టేది. పట్టిన చేయి ఏ పార్టీదో ఎవరూ చూసేవారు కాదు. ఆ రోజులు నాకు కొద్దిగానే గుర్తు. నేనెరిగిన ఊరు వేరు. గెలిచినవాళ్ల వీధికి సిమెంటు రోడ్డు, ఓడినవాళ్ల పింఛన్లకు కొర్రీలు. టీ కొట్లు కూడా రెండు.

2019లో నరసింహారావు వర్గం గెలిచింది. మరుసటి శివరాత్రికి ప్రభ నెత్తిన తమ జెండా ఉండాలన్నారు. అట్లయితే మాను కదలదని ఓడిన రాఘవ వర్గం బాబాయ్ వాకిట్లో అడ్డం కూర్చుంది. కర్రలు వచ్చాయి. తన వాకిట్లో తలలు పగులుతాయని బాబాయ్ భయపడ్డాడు.

"కోసిస్తా. చెరో ముక్కా తీసుకోండి," అన్నాడు.

ఏళ్ల తరబడి ఏ మాటకూ కలవని రెండు వర్గాలూ ఆ ఒక్క మాటకు వెంటనే ఒప్పుకున్నాయి. ఊరి పెద్దమనుషుల్లో ఒక్కడూ వద్దనలేదు.

రంపం బాబాయే పట్టాడు. అడ్డంగా కోయకుండా బారెడు పొడవున ఏటవాలుగా కోశాడు. అట్లా కోస్తే రేపు రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయని, ఇనుప పట్టీలు బిగిస్తే మళ్లీ ఒక్క మాను అవుతుందని నాకు చెప్పాడు.

"ఎలక్షన్ల వేడి ఎన్నాళ్లుంటదిరా?"

అప్పటినుంచి మా ఊరికి రెండు పొట్టి ప్రభలు. రెండూ ఆయనే కట్టేవాడు. తమ దానికి ముడి వదులుగా వేశాడని ఒక వర్గం, అవతలివాళ్లకు కొత్త మోకు వాడాడని ఇంకో వర్గం సణిగేవి. కొండ దగ్గర పక్కూరివాడొకడు, "ఏంది, పెద్దోళ్లు రాకుండా పిల్లల్ని తోలారా?" అని మా ప్రభలను చూసి నవ్వాడు. బాబాయ్ కమ్మరి దగ్గర పట్టీలు చేయించి గోడమేకుకు తగిలించుకున్నాడు. ఏటా రెండిళ్లకూ వెళ్లి మాను కలుపుదామని అడిగేవాడు. మళ్లీ గెలిచాక చూద్దామనేవాడు నరసింహారావు. ఈసారి మేం గెలిచాక చూద్దామనేవాడు రాఘవ.

2024లో రాఘవ వర్గం గెలిచింది. ఫలితాలు వచ్చిన సాయంత్రమే నరసింహారావు మనుషులు ఇళ్లకు తాళాలేసి, గొడ్లను తోలుకొని మాచర్ల వైపు చుట్టాల ఊళ్లకు పోయారు. ఎవరో నరసింహారావు గొడ్లచావిడికి నిప్పు పెట్టారు. వాళ్ల మాను ముక్క లోపలే ఉంది. బాబాయ్ బిందెతో నీళ్లు తీసుకొని పరుగెత్తాడు. ఒకడు అడ్డం వచ్చి బిందె లాక్కున్నాడు.

"ఎవడి చావిడని ఆర్పుతున్నావ్ బాబాయ్? ఇంటికి పో."

వాడూ చిన్నప్పుడు బాబాయ్ పక్కన నిలబడి మోకు పట్టినవాడే.

ఈ శివరాత్రికి రాఘవ చిలకలూరిపేట నుంచి లైట్ల ప్రభను అద్దెకు తెచ్చాడు. ఇక పని లేని తమ ముక్కను సెంటర్లో జెండా కర్రగా పాతాలనుకున్నాడు. నిలబెట్టడానికి బాబాయ్‌నే పిలిపించాడు.

"ఏటవాలు కొస పైకి ఉండనీ అబ్బాయ్," అని అడిగాడు బాబాయ్.

"ఇంకెందుకు బాబాయ్? రెండోది బూడిదయింది గదా," అన్నాడు రాఘవ. ఆ మాట మెత్తగానే అన్నాడు.

సన్నటి కొస గుంటలో బాగా దిగుతుందని దాన్నే కిందికి దించి కాంక్రీటు పోశారు. కర్ర నిటారుగా నిలిచేదాకా బాబాయ్ మోకు వదల్లేదు.

ఇంటికొచ్చి పట్టీలు తీసి, పాత ఇనుము కొనేవాడొస్తే వేసెయ్యమని పిన్నికిచ్చాడు. ఆమె వాటిని కొంగుతో తుడిచింది.

"ఉండనీ. తిండి అడుగుతయ్యా, నీళ్లడుగుతయ్యా," అని మళ్లీ మేకుకు తగిలించింది.

ఆయన సందులో రేకుల కింద, మాను ఉండే చోట మంచం వేసుకొని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిస్తే లేవలేదు.