మగ్గం గుంటలోంచి లేవడం

మొన్న నేను మగ్గం గుంటలోంచి పులిలా ఒక్క దూకున బయటికొచ్చాను. సరే, దూకలేదు, పాక్కుంటూ వచ్చాను. కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మూలగకుండా వచ్చాను. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉబలాటమంతా.

మంగళగిరిలో మా ఇంటి ముందుగదిలో గుంట మగ్గం ఉంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అంచున కూర్చుని నేసేది. ఊరి మొత్తంలో నా అంత వేగంగా పడుగు పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడించేవాడు లేడు. మా వీధిలోనైతే లేడు. మా వీధిలో మిగిలినవి రెండు మగ్గాలే అనుకోండి. నా నడుం కింది పూసలు అరిగాయని, ఆర్థరైటిస్ అని డాక్టరు ఎక్స్‌రే చూపించాక మగ్గం మీద దుప్పటి కప్పేశాం. మావాడికి సందు దొరికింది.

"నాన్నా, గుంట పూడ్చి టైల్స్ వేయిద్దాం. వాషింగ్ మిషను సరిగ్గా పడుద్ది."

"నేను మళ్లీ కూర్చుంటాన్రా."

"కూర్చుంటావు సరే, లేపేదెవరు? కిందటిసారి నేనూ, పక్కింటి బాబాయీ కలిసి లాగాం."

అది నిజమే. మా ఆవిడ తీర్పు చెప్పింది. "ఎవరూ పట్టుకోకుండా, మూలక్కుండా లేవనీ. లేచారా, మగ్గం ఉంటుంది. లేదా, మిషను. ఉతికేదాన్ని నేను, నాకు రెండూ సమ్మతమే."

మర్నాడే నేనూ మా ఆవిడా బస్సెక్కి భవానీపురంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లాం. నా మనవరాలి వయసు.

"వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట బిగించి, నడుం నేలకి ఆనించండి తాతగారూ. ఊపిరి బిగబట్టొద్దండీ. రోజూ కొంచెమే, నెమ్మదిగా. పట్టేసినట్టుంటే పర్లేదు. పోటొచ్చినా, కాల్లోకి లాగినా, తిమ్మిరెక్కినా ఆపేసి నాకు చెప్పాలి. పూటపూటా కాస్త నడవండి."

"ఇంతేనా తల్లీ? కుర్రతనంలో బస్తాలు మోసినవాణ్ణి."

బస్తాలు కాదు, నూలు కట్టలు.

మా నేతవాళ్లకి ఓ పాడలవాటుంది. వారం మొదట్లో అరుగు మీద కబుర్లు, చీర అప్పజెప్పాల్సిన ముందురోజు పరుగులు. వ్యాయామమూ అంతే అనుకున్నాను. వారమంతా రేపు చేద్దాంలే అని, సోమవారం ఆ అమ్మాయికి మొహం చూపించాలనగా ఆదివారం పొద్దున్నే చాప పరిచి వారానిదంతా లాగించేశాను. మధ్యాహ్నానికి నేనో కొయ్య. అన్నం కంచమే మంచం దగ్గరికి నడిచొచ్చింది. సోమవారం ప్రయాణం లేదు.

కాస్త తేరుకున్నాక వెళ్లి, "చాలా శ్రద్ధగా చేశానమ్మా" అన్నాను.

"శ్రద్ధే. వారం శ్రద్ధంతా ఒక్క పూటలో," అంది పక్కనున్న మా ఆవిడ.

ఆ అమ్మాయి నవ్వలేదు. "తాతగారూ, పోగుని ఒక్కసారిగా గట్టిగా లాగితే ఏమవుద్దండీ?"

"తెగుద్ది."

"మరి?"

పోగు సంగతి నాకే చెబుతుందా అని రోషం పుట్టుకొచ్చింది. బస్సు కృష్ణ దాటినా చల్లారలేదు. ఆ రోషంతోనే రోజూ కొంచెం కొంచెం చేయడం మొదలుపెట్టాను. పొద్దున్నే కొండెక్కి దిగేవాణ్ణి. కొండంటే, దాని కిందున్న వీధి.

గుంటలోంచి లేవడమూ ఆ అమ్మాయే నేర్పింది. ఇదివరకు తలపైనున్న మగ్గం కర్ర పట్టుకుని, నడుం మెలితిప్పి, ఒక్క కుదుపున లేచేవాణ్ణి. ఆ కుదుపు వద్దంది. కాళ్లు పైకి తీసుకుని, ఒళ్లంతా కలిపి తిరిగి, ముందు పిల్లిలా నాలుగు కాళ్ల మీద నిలవాలి. తర్వాత ఒక పాదం మోపి, తొడ మీద చేతులానించి, మనిషిలా లేవాలి. చివరికి ఓ రోజు, "కిందో మెత్త వేసుకుని కూర్చోండి. కాసేపే. కుక్కరు కూత వినపడగానే లేచి నడవాలి," అంది.

మొన్న కూర్చున్నాను. మావాడు కొలత టేపు చేత్తో పట్టుకుని గోడకానుకున్నాడు. పాదాలకి తొక్కుడు చెక్కలు తగిలాయో లేదో, నాడె ఉరికింది. పోగు పక్కన పోగు పడుతుంటే నా గుండె కూడా ఆ చప్పుడుతోనే కొట్టుకుంది. ఎన్నాళ్లకి.

కుక్కరు కూసింది. ఇంకో బెత్తెడు నేద్దామంది మనసు. చేతులూ ఆగలేదు. వంటింట్లోంచి మాట రాలేదు. మా ఆవిడ మాట్లాడకపోతే నాకు భయం. నాడె పక్కన పెట్టాను.

కాళ్లు తీశాను, తిరిగాను, పిల్లినయ్యాను. పాదం మోపి లేస్తుంటే సగంలో గొంతులోకి ఒకటి వచ్చింది. మూలగలేదని మొదట్లో అన్నానే, అది. దాన్ని దగ్గు చేశాను.

నిలబడ్డాను.

మావాడు వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి నన్ను కిందినుంచి పైకి చూసింది. "ఆ దగ్గు నాకు తెలుసు," అంది. తర్వాత వాడితో, "మిషను వరండాలో పడుద్దేమో కొలవరా."

చెప్పులేసుకుని వీధిలోకి నడిచాను. ఎదురింటాయన, "ఏంటండీ ఇవాళ అంత హుషారు?" అన్నాడు.

పులిలా దూకానని చెప్పాను.